ఆన్‌లైన్ గేముల్లో అడ్డా ఎక్కడ పడుతుంది?

1995లో మొదలైన ఆల్ఫావరల్డ్ అనే ఆన్‌లైన్ లోకంలో ఖాళీ నేల కనిపిస్తే చాలు, ఎవరైనా ఇల్లు కట్టుకోవచ్చు. నేలకు కొదవ లేదు. దాని వైశాల్యం లెక్కగడితే 4 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. ఆ లోకం మొత్తాన్ని ఆకాశం నుంచి చూసినట్టు తర్వాత మ్యాపులు గీశారు. వాటిలో కనిపించింది ఒక నక్షత్రం. కొత్తవాళ్లు అడుగుపెట్టే నడిబొడ్డున కట్టడాలు ముద్దలా పేరుకుపోయాయి. అక్కణ్ణించి నాలుగు దిక్కులకూ నాలుగు మూలలకూ సన్నటి చారల్లా ఇళ్లు సాగిపోయాయి. చారల మధ్య నేల చాలావరకు ఖాళీ.

ఆ నక్షత్రాన్ని ఎవరూ ప్లాన్ చెయ్యలేదు. ఆ లోకంలో దూరం పోవాలంటే ఆ చోటి అంకెలు (కోఆర్డినేట్లు) టైప్ చేసి టెలిపోర్ట్ అవ్వాలి, అంటే నడవకుండా క్షణంలో అక్కడ తేలాలి. 3417 ఉత్తరం, 1286 పడమర అనే అడ్రసును ఎవరు గుర్తుపెట్టుకుంటారు? 500 ఉత్తరం, 500 పడమర అయితే నోటికొస్తుంది, స్నేహితుడికి చెప్పడానికీ తేలిక. అలా నోటికి తేలికైన అంకెలున్న చోటల్లా ఇల్లు లేచింది. నేల ఎక్కడైనా ఒక్కటే, ఖరీదూ లేదు. అయినా జనం చెల్లాచెదురుగా పరుచుకోలేదు, వరస కట్టారు.

గేముల్లో జనం ఎక్కడ స్థిరపడతారని అడిగితే చాలామంది చప్పున చెప్పే జవాబు "అందంగా ఉన్నచోట" అని. స్క్రీన్‌షాట్లు చూస్తే నిజమేననిపిస్తుంది కూడా. జలపాతాలు, మంచుకొండలు, సూర్యాస్తమయాలు. కానీ ఆ స్క్రీన్‌షాట్ తీసిన ప్లేయర్ జలపాతం దగ్గర ఎంతసేపు ఉన్నాడో చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఫొటో కాగానే వెనక్కొచ్చి బ్యాంకు ముందు నిలబడి ఉంటాడు. గేమ్‌లో దాహం లేదు, ఎండావానల బాధ లేదు, పంట ఎండిపోతుందన్న భయం లేదు. నిజమైన ఊళ్లను ఏటి ఒడ్డుకు లాగిన కారణాలేవీ అక్కడ పనిచెయ్యవు. మిగిలిందల్లా నడక. రోజుకు ఇరవైసార్లు చేసే పని ఎక్కడైతే తక్కువ సెకన్లలో అయిపోతుందో అక్కడ మొదటి గుంపు చేరుతుంది. ఆ గుంపును చూసి రెండో గుంపు వస్తుంది. అందం సంగతి ఆ తర్వాత.

దీనికి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ను మించిన ఉదాహరణ దొరకదు. 2004 నవంబరులో ఆ గేమ్ మొదలైనప్పుడు అలయన్స్ పక్షానికి మూడు రాజధానులు. స్టార్మ్‌విండ్‌లో తెల్లటి కోట, కాలువలు, వంతెనలు. డార్నసస్ అయితే మహావృక్షం మీద కట్టిన నగరం, చూడటానికి కళ్లు చాలవు. ఇక ఐరన్‌ఫోర్జ్ కొండ కడుపులో తొలిచిన గుహ, మధ్యలో కుతకుత ఉడికే లావా. జనమంతా ఎక్కడున్నారు? గుహలో. ఎందుకంటే అలయన్స్‌వాళ్ల ఆక్షన్ హౌస్ అక్కడొక్కచోటే ఉండేది. దాని ఎదురుగానే బ్యాంకు, అడుగు దూరంలో మెయిల్‌బాక్స్. సంచిలో ఉన్న సరుకు అమ్మకానికి పెట్టి, అమ్ముడుపోయిన డబ్బు మెయిల్‌లో తీసుకుని, మిగిలింది బ్యాంకులో దాచుకునే పనంతా ఒక ముప్పై అడుగుల మేరలో తేలిపోయేది. ఆ ముప్పై అడుగుల్లో వందలమంది తొక్కుకుంటుంటే సర్వర్ మొరాయించేది, తెర మీద బొమ్మ ఆగి ఆగి కదిలేది. ప్లేయర్లు దానికి "ల్యాగ్‌ఫోర్జ్" అని పేరు పెట్టి తిట్టుకున్నారు. తిట్టుకుంటూనే మర్నాడు మళ్లీ అక్కడే తేలారు.

2006 జనవరిలో వచ్చిన 1.9 ప్యాచ్ మిగతా రాజధానుల్లోనూ ఆక్షన్ హౌసులు పెట్టి అన్నింటినీ కలిపేసింది. ఇక్కడ పెట్టిన సరుకు అక్కడా కనిపిస్తుంది. మరుసటి ఏడాది ఆ గేమ్‌కు బర్నింగ్ క్రూసేడ్ అనే అదనపు భాగం రాగానే జనం షట్రత్ నగరానికి తరలిపోయారు. అక్కడ ఆక్షన్ హౌసే లేదు! కానీ ప్రతి రాజధానికీ ఒక పోర్టల్, అంటే దూరితే అక్కడ తేల్చే తలుపు ఉంది. కొత్త ఖండం అక్కడే ఉంది, పాత నగరాలన్నీ ఒక్క క్లిక్కు దూరం. 2008లో డలరాన్ వంతు వచ్చింది. ఆకాశంలో తేలే ఆ చిన్న ఊరు పోర్టళ్లతో, జనంతో, ల్యాగ్‌తో కిటకిటలాడింది. 2010 చివర్లో కటక్లిజమ్ అనే భాగం వచ్చినప్పుడు కంపెనీ షట్రత్, డలరాన్‌ల నుంచి రాజధానులకు వెళ్లే పోర్టళ్లను తీసేసింది. ఒక్క గోడ కూలగొట్టలేదు, ఒక్క దుకాణం మూయలేదు. వారం తిరిగేసరికి రెండు ఊళ్లూ బోసిపోయాయి. స్టార్మ్‌విండ్, ప్రత్యర్థి పక్షం రాజధాని ఆర్‌గ్రిమార్ మళ్లీ నిండాయి. నగరాన్ని చంపడానికి నిప్పు పెట్టనక్కర్లేదు, దాని తలుపు ఒకటి మూస్తే చాలు.

దీని అసలు గుట్టు బయటపెట్టింది మాత్రం 2014 నాటి గారిసన్లు. వార్‌లార్డ్స్ ఆఫ్ డ్రేనార్ అనే భాగంలో ప్రతి ప్లేయర్‌కూ తనదైన కోట ఇచ్చారు. అందులో సొంత గని, సొంత మూలికల తోట, అనుచరులను పనులకు పంపే బల్ల. రోజూ చేసే పనులన్నీ ఇంటి ఆవరణలోనే. కాగితం మీద ఇంతకన్నా మంచి వరం ఇంకేముంటుంది? జరిగిందేమిటంటే, వేలమంది ఎవరి కోటలో వాళ్లు ఒంటరిగా కూర్చున్నారు. బయట నగరం ఖాళీ, రోడ్డు ఖాళీ. పేరుకు వేలమంది ఆడే గేమ్, ఎదురుపడేవాడు ఒక్కడూ లేడు. ప్లేయర్లు పెద్దఎత్తున విసుక్కున్నారు. 2016లో తర్వాతి భాగం లీజన్ వచ్చేటప్పటికి కంపెనీ సొంత కోటలు పక్కనపెట్టి, యోధుడు, మాంత్రికుడు లాంటి ఒకే తరగతి ప్లేయర్లంతా కలిసి వాడుకునే హాళ్లు పెట్టింది. డలరాన్‌ను మళ్లీ తెచ్చింది. నడక తగ్గించాలనే ప్లేయర్ ఎప్పుడూ కోరేది. పూర్తిగా తగ్గించి ఇస్తే ఉండలేడు. గేమ్ తయారుచేసేవాళ్లను పట్టి పీడించే చిక్కు ఇది, దీనికి శాశ్వతమైన విరుగుడు ఎవరికీ దొరికినట్టు లేదు.

సెకన్ల లెక్క ఎంత సూక్ష్మంగా సాగుతుందో చూడాలంటే ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో రిమ్మింగ్టన్ అనే కుగ్రామానికి వెళ్లాలి. ఆ గేమ్‌లో ప్లేయర్‌కు సొంత ఇల్లు ఉంటుంది. ఆ ఇల్లు మ్యాపులో ఎక్కడా కనిపించదు, ఒక పోర్టల్‌లోంచి లోపలికి వెళ్లాలి. రిమ్మింగ్టన్, టావర్లీ, పోల్నివ్‌నీచ్, రెలెక్కా, బ్రిమ్‌హేవెన్, యానిల్ వంటి ఊళ్లలో పోర్టళ్లున్నాయి, ఇల్లు ఏ ఊరికి మార్చుకోవాలన్నది ప్లేయర్ ఇష్టం. లోపల ఇల్లు ఏ ఊరి పోర్టల్ నుంచి వెళ్లినా అదే. మరి 330 నంబరు వరల్డ్ (వరల్డ్ అంటే ఆ గేమ్ నడిచే ఒక సర్వర్)లో మాత్రం రిమ్మింగ్టన్ పోర్టల్ చుట్టూ ఎప్పుడు చూసినా అంత గుంపెందుకు?

కారణం ఎముకలు. ప్రేయర్ అనే నైపుణ్యం పెంచుకోవాలంటే ఇంట్లో గిల్డెడ్ ఆల్టర్ అనే పూజాపీఠం దగ్గర ఎముకలు సమర్పించాలి. రెండు ధూపస్తంభాలూ వెలుగుతుంటే మామూలుగా పాతిపెట్టినప్పటికన్నా మూడున్నర రెట్లు ఫలితం. కానీ సంచిలో ఉండేవి 28 గడులు. వేల ఎముకలు మోసుకెళ్లాలంటే వాటిని బ్యాంకులో "నోట్లు"గా మార్చుకోవాలి. అప్పుడు ఎన్ని ఎముకలైనా ఒక్క గడిలో ఇమిడిపోతాయి, కాకపోతే నోటును ఆల్టర్ మీద పెట్టలేం. మళ్లీ ఎముకలుగా మార్చేవాడు కావాలి. రిమ్మింగ్టన్ పోర్టల్‌కు నాలుగడుగుల దూరంలో దుకాణంలో ఫయల్స్ అనే గుమాస్తా ఉంటాడు. ఒక్కో ఎముకకు 5 నాణేలు పుచ్చుకుని మార్చిస్తాడు. నోట్లకొక గడి, నాణేలకొక గడి పోగా 26 ఎముకలు. పోర్టల్‌లో దూరడం, సమర్పించడం, బయటికి రావడం, ఫయల్స్ దగ్గరికి వెళ్లడం, మళ్లీ దూరడం. గంటలకొద్దీ ఇదే. సొంత ఆల్టర్ కట్టుకునే స్తోమత లేనివాళ్ల కోసం తమ ఇళ్లు తెరిచిపెట్టి, ధూపం ఆరిపోకుండా చూసుకునే ఆతిథేయులు కూడా తయారయ్యారు. ఆ ఇళ్లలో ఆల్టర్ గది గుమ్మానికి ఆనుకునే ఉంటుంది. లోపలి గది అయితే రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది కదా మరి.

ఆ ఊళ్లో చూడదగ్గదేమీ లేదు. ఒక చిన్న గని, నాలుగు ఇళ్లు. ఒక గుమాస్తా, ఒక పోర్టల్ పక్కపక్కన పడ్డాయి, అంతే. 330 అన్న నంబరుకైతే ఆ మాత్రం కారణమైనా లేదు. ఎవరో కొందరు అక్కడ మొదలుపెట్టారు, మిగతావాళ్లు వాళ్లను వెతుక్కుంటూ వచ్చారు. దానికి మూలమైన రూన్‌స్కేప్‌లో సరుకుల మార్కెట్‌ది ఇంకో తీరు. 2007 నవంబరుకు ముందు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ వారక్, ఫలడార్ బ్యాంకుల ముందు గొంతు చించుకుని అరిచేవారు. గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అని ఒక కేంద్ర మార్కెట్ పెట్టగానే ఆ అరుపులు ఆగిపోయాయి. బేరం మనిషితో కాక యంత్రంతో నడిచే రోజొచ్చాక పక్కనెవరున్నారో చూసే పని లేదు. అయినా జనం ఆ భవనం చుట్టే నిలబడతారు. అక్కడ ఇప్పుడు జరిగేది కబుర్లు, గొప్పలు, కాస్త మోసం.

ఈవ్ ఆన్‌లైన్‌లో ఈ లెక్క ఇంకా పెద్ద కొలతలో కనిపిస్తుంది. 2003లో వచ్చిన ఆ అంతరిక్ష గేమ్‌లో అందరికీ తెలిసిన నక్షత్ర వ్యవస్థలే 5 వేలకు పైగా ఉన్నాయి. తొలి రోజుల్లో వ్యాపారమంతా యూలాయ్ అనే వ్యవస్థలో. దూర ప్రాంతాలను సూటిగా కలిపే హైవే గేట్లు అక్కడ కలిసేవి. కంపెనీ ఆ గేట్లను ఎత్తేసింది. వ్యాపారం నెమ్మదిగా జారి జీటాకు చేరింది. కాల్దారి జాతిని ఎంచుకున్న ప్లేయర్లు ఎక్కువ, జీటా వాళ్ల ఇలాకా. అంతకుమించి దానికి వేరే మహత్యమేదీ లేదు. కానీ ఒకసారి కుదురుకున్నాక అది కదల్లేదు. జీటాలోనూ అందరూ చేరేది ఒకే ఒక స్టేషన్‌కు: నాలుగో గ్రహం, నాలుగో చంద్రుడు. అందుకే ప్లేయర్లు దాన్ని "4-4" అంటారు. ఆ ఒక్క వ్యవస్థ రద్దీ తట్టుకోవడానికి కంపెనీ విడిగా సర్వర్ కేటాయించాల్సి వచ్చింది. 2012లో గూన్‌స్వార్మ్ కూటమి "బర్న్ జీటా" అని ప్రకటించి మరీ వచ్చి సరుకు ఓడలను కాల్చింది. ఆ దాడి ముగిశాక మార్కెట్ మళ్లీ మామూలే.

మరి పక్కనే తక్కువ పన్నుతో ఇంకో మార్కెట్ పెడితే? 2016లో ప్లేయర్లే సొంత స్టేషన్లు కట్టుకునే వీలు వచ్చాక సరిగ్గా అదే చేశారు. జీటాకు ఒక్క జంప్ దూరంలోని, అంటే పక్క వ్యవస్థే అయిన పెరిమిటర్‌లో పెద్ద కూటములు మార్కెట్ టవర్ నిలబెట్టి తక్కువ కమిషన్‌కు వ్యాపారం చేశాయి. బాగానే గడించాయి, దాని కోసం యుద్ధాలూ జరిగాయి. గమనించాల్సింది అది ఎక్కడ కట్టారన్నది. 5 వేల వ్యవస్థల్లో ఎక్కడైనా కట్టొచ్చు. కట్టింది మాత్రం సంత గుమ్మం ముందు. పోటీకొచ్చినవాడు కూడా పాత అడ్డా నీడ వదిలి పోలేకపోయాడు.

ఇక్కడే ఇంకో సంగతి. జీటాలో వ్యాపారం చేసేవాళ్లలో చాలామందికి ఇల్లు అక్కడ కాదు. సంతకు దగ్గరగా ఉండటం వేరు, కాపురం పెట్టడం వేరు. కాపురానికి భద్రత కావాలి. అలాగని పోలీసులున్నచోటే అందరూ ఉంటారనుకుంటే పొరపాటు. పోలీసులే లేని సున్నా భద్రత ప్రాంతాల్లో పెద్ద కూటములు సొంత రాజ్యాలు ఏలతాయి. అక్కడ రాబడి ఎక్కువ, నేల మీద హక్కు కూడా దక్కుతుంది. ఆ హక్కుకు అప్పట్లో బిల్లు కట్టాల్సి ఉండేది. 2014 జనవరిలో బి-ఆర్5ఆర్‌బి అనే వ్యవస్థ మీద ఆ బిల్లు కట్టడం తప్పింది. ఆ వ్యవస్థ ఒక పక్షానికి యుద్ధస్థావరం. హక్కు జారిపోయిన మరుక్షణం శత్రువులు దిగారు. సుమారు 21 గంటల యుద్ధంలో 75 టైటాన్ ఓడలు మట్టికొట్టుకుపోయాయి. ఒక్కోదాన్ని కట్టడానికి నెలలు పట్టే ఓడలవి. ఊరి బిల్లు కట్టడం తప్పితే ఇంత జరిగింది.

భద్రత వైపు జనం ఎంత ఆత్రంగా మొగ్గుతారో అల్టిమా ఆన్‌లైన్ 2000లోనే చూపించింది. 1997 సెప్టెంబరులో మొదలైన ఆ గేమ్‌లో ఇళ్లు నిజంగా నేల మీద నిలబడేవి. త్వరలోనే నేల అయిపోయింది. అడవిలో కాస్త చదును దొరికితే పండగ. పైగా ఎవరైనా ఎవరినైనా చంపి దోచుకోవచ్చు. కంపెనీ లోకానికి అద్దంలో బింబం లాంటి జంట లోకం చేసింది. పాతది ఫెలూకా, కొత్తది ట్రామెల్. అవే కొండలు, అవే ఊళ్లు. ఒక్కటే తేడా: ట్రామెల్‌లో ఇష్టంలేనివాణ్ణి చంపడం కుదరదు. జనం కొత్త నేల మీద ఎగబడ్డారు, ఫెలూకా వీధులు బావురుమన్నాయి. హంతకుల బెడదలోనే అసలు మజా ఉందని వాదించినవాళ్లు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు. కానీ ఓటు కాళ్లతో పడింది.

నేల కరువు అక్కడితో తీరిపోలేదు. ఫైనల్ ఫ్యాంటసీ 14లో ఇళ్ల వాడలుంటాయి, ఒక్కో వార్డుకు 60 ప్లాట్లు. సముద్రం కనిపించే ప్లాటు, మార్కెట్ బోర్డు దగ్గరున్న ప్లాటు అంటే ముందే ఎగిరిపోతాయి. కొన్నాళ్ల కిందటి వరకు ఖాళీ అయిన ప్లాటు ఎప్పుడు అమ్మకానికి వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. గేమ్ లోపల ఒక రహస్య గడియారం తిరిగేది. ప్లేయర్లు ఆ ప్లాటు ముందున్న బోర్డు మీద గంటల తరబడి క్లిక్ చేస్తూ కూర్చునేవారు. ఒక బోర్డు చుట్టూ ముప్పై మంది, నిద్రకళ్లతో, ఒకటే క్లిక్కుల మోత. ఎవరి క్లిక్ సరైన క్షణంలో పడితే ఇల్లు వాళ్లది. ఆ టెన్షన్ భరించలేక వేళ్లు నొప్పెట్టి వదిలేసినవాళ్లు కోకొల్లలు. 2022 ఏప్రిల్‌లో లాటరీ పెట్టాక ఆ గొడవ తగ్గింది.

అంత కష్టపడి ఇల్లు సంపాదించినవాడు ఆ ఇంట్లో ఉంటాడా? ఉండడు. ఎక్కువమంది లిమ్సా లొమిన్సా రేవుపట్నంలో ఏథరైట్ స్ఫటికం చుట్టూ కనిపిస్తారు. టెలిపోర్ట్ అయి దిగేది అక్కడ, మార్కెట్ బోర్డు అక్కడ, తన సరుకు అమ్మిపెట్టే రిటెయినర్‌ను పిలిచే గంట అక్కడ, అన్నీ చూపుమేరలో. గేమ్ మొదలుపెట్టే మరో రెండు నగరాలున్నాయి, వాటిలో అవే సౌకర్యాలు కాస్త విసిరేసినట్టు ఉంటాయి. ఆ కాస్తే తేడా. ఇక సొంతింటి సంగతంటారా, 45 రోజులపాటు యజమాని గడప తొక్కకపోతే ఇల్లు కూల్చేస్తారు. అందుకని 44వ రోజున లాగిన్ అయి, తలుపు తీసి, లోపల ఒక అడుగు వేసి వెళ్లిపోయేవాళ్లున్నారు. వార్డు నిండా అలంకరించిన ఇళ్లు, వీధిలో పిట్ట కూడా కనిపించదు.

సెకండ్ లైఫ్‌లో లెక్క కొంత మారుతుంది. 2003లో వచ్చిన ఆ లోకంలో గెలవాల్సింది, చంపాల్సింది ఏమీ లేదు. రోజుకు ఇరవైసార్లు చేసి తీరాల్సిన పనంటూ లేదు. కాబట్టి అక్కడ అందానికి నిజంగా ధర పలికింది. నీటి ఒడ్డు స్థలం లోపలి స్థలం కన్నా ఎప్పుడూ ప్రియమే. అయితే ఆ ధర నీళ్లకేనా అంటే అనుమానమే. నీరు, రోడ్డు కంపెనీ ఆస్తి, వాటి మీద ఎవరూ కట్టడానికి వీల్లేదు. లోపలి స్థలం కొంటే రేపు పక్కవాడు ఏం లేపుతాడో తెలియదు. తెల్లారేసరికి కిటికీ ముందు నల్లటి డబ్బా ఒకటి ఆకాశమంత ఎత్తున లేచి ఉండొచ్చు. కొందరు కావాలనే 16 చదరపు మీటర్ల ముక్కలు కొని వాటి మీద గిర్రున తిరిగే ప్రకటన బోర్డులు పెట్టారు. పక్కవాడు విసిగిపోయి ఆ ముక్కను పదింతలకు కొనుక్కోవాలని ఎత్తు. 2008లో కంపెనీ నిబంధనలు పెట్టేవరకు ఆ వ్యాపారం జోరుగా సాగింది. నీటి ఒడ్డున ఆ భయం కనీసం ఒకవైపైనా ఉండదు.

దూరాన్ని కంపెనీ తుడిచేస్తే ఏమవుతుందో కూడా అక్కడే తెలిసింది. మొదట్లో టెలిపోర్ట్ చేస్తే కోరిన చోటికి వెళ్లరు, దగ్గర్లోని టెలిహబ్‌లో దిగి అక్కణ్ణించి ఎగురుకుంటూ పోవాలి. అందరూ దిగేచోటు కనుక టెలిహబ్‌ల చుట్టూ మాల్స్ లేచాయి, ఆ స్థలాల ధర ఆకాశాన్నంటింది. 2005 డిసెంబరులో ఎక్కడికైనా నేరుగా టెలిపోర్ట్ అయ్యే సౌకర్యం వచ్చింది. టెలిహబ్ పక్క స్థలం మామూలు స్థలమైపోయింది. పెట్టుబడి పెట్టినవాళ్లు లబోదిబోమన్నారు.

పదిహేనేళ్ల తర్వాత డీసెంట్రాలాండ్ అనే ఆన్‌లైన్ లోకంలో ఈ పాఠం ఎవరికీ గుర్తున్నట్టు లేదు. 90,601 ప్లాట్లుగా కోసిన ఆ పట్నంలో ఎక్కడికైనా నేరుగా దూకొచ్చు, అయినా ప్లాజా దగ్గరి ముక్కలకు ఎక్కువ ధర పెట్టారు. 2021 నవంబరులో ఫ్యాషన్ వీధిలోని 116 ముక్కలు సుమారు 24 లక్షల డాలర్లకు అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లు కొన్నారు. కాపురమున్నవాళ్లు మాత్రం తక్కువ.

గుంపుకు దూరంగా పారిపోయేవాళ్ల సంగతేమిటి? వాళ్లూ అదే లెక్క వేస్తారు, తిరగేసి. మైన్‌క్రాఫ్ట్‌లో 2బి2టి అనే సర్వర్ 2010 డిసెంబరు నుంచి ఒక్కసారి కూడా చెరిపేయకుండా నడుస్తోంది. నిబంధనల్లేవు. కొత్తవాళ్లు పుట్టే చోటంతా గోతులు, లావా, రాళ్లగుట్టలు, ఉచ్చులు. అక్కడ ఇల్లు కట్టడమంటే కాటికి దగ్గరవ్వడమే. అందుకని జనం మ్యాపు అంచుల వైపు పరుగెడతారు. ప్రతి దిక్కునా 3 కోట్ల బ్లాకులున్న లోకమది. 10 లక్షల బ్లాకుల దూరం మామూలు నడకన పోవాలంటే 64 గంటలు పడుతుంది. నెదర్ అనే పాతాళలోకంలో ఒక బ్లాకు నడిస్తే పైలోకంలో 8 బ్లాకులు నడిచినట్టు. ఆ దారిన పోతే 8 గంటలు. అందుకే నెదర్‌లో ప్లేయర్లు మైళ్ల పొడవున హైవేలు తవ్వారు. రహదారి వచ్చిందంటే దాని పక్కన దొంగలూ వస్తారు. తెలివైనవాడు హైవే మీద చాలాదూరం పోయి, ఎక్కడో ఒకచోట పక్కకు దిగి, గుర్తుండే అంకెలకు దూరంగా ఇల్లు కడతాడు. ఆల్ఫావరల్డ్‌లో నోటికి తేలికైన అంకెలే ఇళ్లను పిలిచాయి, ఇక్కడ అవే అంకెలు ప్రాణం మీదికి తెస్తాయి.

అంత దూరం కూడా కాపాడలేదు. 2018 నుంచి 2021 వరకు కొందరు ఒక లోపాన్ని పట్టుకుని వాడారు. లోకంలో ఏదో దూరపు బ్లాకును కొట్టినట్టు సర్వర్‌కు సంకేతం పంపితే, ఆ చుట్టుపక్కల ఎవరైనా ఉండి ఆ భాగం మెమరీలో తెరుచుకుని ఉంటే జవాబొచ్చేది, లేకపోతే రాదు. అంటే చీకట్లో తలుపులు కొట్టుకుంటూ పోయి, ఎవరి ఇంట్లో అలికిడి వినిపిస్తే ఆ ఇల్లు రాసుకోవడం. ఏళ్ల తరబడి దాచుకున్న స్థావరాల అడ్రసులు అలా బయటపడ్డాయి.

అయితే ఎప్పుడూ సెకన్లదే పైచేయి అనుకుంటే స్టార్ వార్స్ గెలాక్సీస్ అడ్డం వస్తుంది. 2003లో వచ్చిన ఆ గేమ్ కావాలనే జనాన్ని ఆపింది. యుద్ధం చేసి అలసిపోయినవాడు క్యాంటీనాకు వెళ్లి, అక్కడ నాట్యమో సంగీతమో వృత్తిగా ఎంచుకున్న మరో ప్లేయర్ ముందు కూర్చుంటేనే అలసట తీరేది. షటిల్ కోసం వేచి ఉండాలి. ఆ వేచి ఉండటంలోనే పరిచయాలు పుట్టేవి. ప్లేయర్లు సొంత నగరాలు కట్టి, మేయర్లను ఎన్నుకున్నారు. తర్వాత వచ్చిన మార్పులు క్యాంటీనా అవసరాన్ని తగ్గించాయి, జనమూ పలచబడ్డారు. 2011 డిసెంబరు 15న సర్వర్లు ఆగిపోయేనాటికి ఎడారి గ్రహాల్లో ఖాళీ ఇళ్లు వరసలు వరసలుగా మిగిలాయి.

నడకే ఊరిని నిలబెడుతుందన్న మాటను పరీక్షించి చూసే అవకాశం అరుదుగా దొరుకుతుంది. ఎవర్‌క్వెస్ట్‌లో ఒకటి దొరికింది. 1999 మార్చిలో వచ్చిన ఆ గేమ్‌లో మార్కెట్ అంటూ ఏదీ పెట్టలేదు. చాలా సర్వర్లలో ప్లేయర్లే ఈస్ట్ కామన్‌లాండ్స్‌లో ఒక సొరంగాన్ని ఎంచుకున్నారు. పెద్ద నగరం ఫ్రీపోర్ట్ పక్కనే, కానీ నగరం లోపల కాదు. నగరంలోకి కొన్ని జాతులవాళ్లు అడుగుపెడితే కాపలావాళ్లు చంపేస్తారు. సొరంగంలోకి ఎవరైనా రావచ్చు. 2001 చివర్లో బజార్ అనే మార్కెట్ వచ్చింది, మరుసటి ఏడాది నగరాలకు నేరుగా చేర్చే ద్వారాలున్న ప్లేన్ ఆఫ్ నాలెడ్జ్ అనే చోటు వచ్చింది. సొరంగం ఖాళీ అయింది.

2009లో ప్రాజెక్ట్ 1999 పేరుతో అభిమానులు పాత ఎవర్‌క్వెస్ట్‌ను ఉన్నదున్నట్టు మళ్లీ నిలబెట్టారు. బజార్ లేదు, ప్లేన్ ఆఫ్ నాలెడ్జ్ లేదు, పాత దూరాలే. సొరంగంలో మార్కెట్ పెట్టమని గేమ్‌లో ఎక్కడా రాసిలేదు. జనం మళ్లీ అక్కడికే చేరారు. దూరాలు లెక్కేసుకుని వచ్చారా, పాత అలవాటు కాళ్లను లాక్కొచ్చిందా అన్నది తేల్చడం కష్టం, ఎందుకంటే వచ్చినవాళ్లలో చాలామంది అప్పటివాళ్లే. పాత సొరంగం నడిచిన రోజుల్ని చూడనివాళ్లు కూడా వచ్చి, గోడకు వీపు ఆనించి కూర్చుని, అమ్మకానికి ఏమున్నాయో అరవడం మొదలుపెట్టారు.